లెక్క ఏ రోజు నుంచి? నెలసరి, గర్భం, జాగ్రత్తల మీద చెన్నై తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలు

నాది సూళ్లూరుపేట. చెన్నైలో ఒక ఆడవాళ్ల ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, ఇప్పుడు కౌన్సెలింగ్ గదిలో కూర్చుంటున్నాను. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి వచ్చే కుటుంబాలు, ఓఎంఆర్ పీజీల్లో ఉండి ఉద్యోగాలు చేసుకునే పిల్లలు, శ్రీసిటీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చేసే జంటలు, అందరూ తెలుగు వినబడగానే కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుంటారు. అప్పుడు అసలు ప్రశ్న బయటికొస్తుంది. ఏళ్లుగా అవే ప్రశ్నలు. విని విని ఇక్కడ రాసిపెట్టాను. మగవాళ్లూ చదవొచ్చు, చదివితే ఇంకా మంచిది.

నెలసరి లెక్క ఏ రోజు నుంచి పెట్టుకోవాలి?

రక్తం కనబడిన మొదటి రోజు నుంచి. ఆగిపోయిన రోజు నుంచి కాదు, తలకి పోసుకున్న రోజు నుంచి అసలే కాదు.

ఇంత చిన్న విషయం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, నేను చూసే తికమకల్లో చాలావాటికి మూలం ఇదే. మన ఇళ్లలో దేవుడి గదిలోకి ఎప్పుడు వెళ్లొచ్చన్నదే ముఖ్యం కాబట్టి గుర్తుండేది తలస్నానం రోజు. ఒకసారి ఒక అత్తగారు గోడ క్యాలెండర్‌లోంచి మూడు కాగితాలు చింపి, మడతపెట్టి, కోడలితో పాటు తీసుకొచ్చారు. పాలవాడు రాని రోజులకి ఇంటూ మార్కులు, కోడలి తలస్నానాలకి సున్నాలు. అంత శ్రద్ధగా పెట్టిన లెక్కా ఐదేసి రోజులు పక్కకి జరిగిపోయి ఉంది. గర్భం వచ్చే రోజులే నెలకి ఆరు. అందులో ఐదు రోజుల తేడా అంటే మొత్తం లెక్క తప్పినట్టే.

ముందురోజు బట్టకి చిన్న మరక అంటితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ప్యాడ్ పెట్టుకోవాల్సినంత అయిన రోజే ఒకటో రోజు. ఈ ఒకటో రోజు నుంచి, మళ్లీ వచ్చే ఒకటో రోజుకి ముందురోజు వరకు ఒక చక్రం.

నాకు 28 రోజులకి రాదు. జబ్బా?

కాదు. 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. ఒక నెల 27, ఇంకో నెల 31 రావడం కూడా మామూలే. మూడు నెలలు అసలు రాకపోయినా, వారం దాటి పోతున్నా, గంటగంటకీ ప్యాడ్ నిండిపోతున్నా డాక్టర్‌కి చూపించండి. గర్భం వచ్చే అవకాశమే ఉంటే మాత్రం మూడు నెలలు ఆగకుండా ముందు టెస్ట్ చేసుకోండి.

సేఫ్ డేస్ అంటారు కదా, ఆ రోజుల్లో కలిస్తే భయం లేదా?

అండం విడుదలయ్యాక బతికేది ఒక్క రోజు, అంతకన్నా తక్కువే. వీర్యకణాలు మాత్రం ఆడవాళ్ల శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. అంటే అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజుల్లో కలిస్తే గర్భం రావచ్చు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. చిక్కల్లా ఆ ఆరు రోజులు ఏవో ముందుగా తెలియకపోవడం.

అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి దాదాపు 14 రోజుల ముందు. చాలామంది దీన్ని "వచ్చిన 14వ రోజు" అని పట్టుకుంటారు. 28 రోజుల చక్రం ఉన్నవాళ్లకి రెండూ ఇంచుమించు ఒకటే, మిగతావాళ్లకి కాదు. ఒక ఉదాహరణ చూడండి. మార్చి 3న నెలసరి వచ్చిందనుకుందాం. తర్వాతది 31న వస్తే అండం 17 ప్రాంతంలో విడుదలైనట్టు, గర్భం వచ్చే రోజులు 12 నుంచి 17. అదే మనిషికి ఆ నెల 24 రోజులకే వచ్చేస్తే తర్వాతి నెలసరి 27న, అండం 13న, గర్భం వచ్చే రోజులు 8 నుంచి 13. ఆఫీసులో క్లోజింగో, జ్వరమో, నైట్ షిఫ్టులో వచ్చి 35 రోజులకి జరిగితే 19 నుంచి 24. ఈ మూడింట్లో ఏది జరగబోతోందో మార్చి 8న కూర్చున్న మీకు ఎలా తెలుస్తుంది? మీ ఫోన్‌లో యాప్‌కీ తెలియదు. అది పోయిన నెలల సగటు తీసి ఆకుపచ్చ చుక్క పెడుతుంది, అంతే.

మన పాత లెక్క కూడా చెప్తాను. ధర్మశాస్త్రాల్లో ఋతుకాలం మొదటి రోజు నుంచి 16 రాత్రులు, అందులో మొదటి నాలుగు విడిచిపెట్టాలి. ఆ లెక్క పిల్లలు కావాలనుకునేవాళ్ల కోసం. మా అమ్మమ్మ తరం దాన్నే తిరగేసి వద్దనుకునేవాళ్లకి చెప్పేది. తిరగేసినప్పుడు అంత నమ్మకంగా పనిచేయదు. అమ్మమ్మకి తొమ్మిదిమంది.

చక్రం ఎప్పుడూ 26 నుంచి 32 రోజుల లోపే ఉండేవాళ్లకి, 8వ రోజు నుంచి 19వ రోజు దాకా కలవకుండా ఉండడమో, కండోమ్ వాడడమో ఒక గుర్తింపు ఉన్న పద్ధతి. అది చక్రం నిలకడగా ఉన్నవాళ్లకే, ఇద్దరికీ అంత క్రమశిక్షణ ఉన్నప్పుడే. గర్భం వస్తే మా కొంప మునుగుతుంది అనుకునేవాళ్లు దీన్ని నమ్ముకోవద్దని నా సలహా.

నెలసరిలో ఉన్నప్పుడు కలిస్తే రాదు కదా?

అవకాశం తక్కువ, సున్నా కాదు. పైన మార్చి లెక్కలో 24 రోజుల చక్రం చూడండి. ఆరు రోజులు బ్లీడింగ్ అయ్యే మనిషికి 8వ తేదీన ఇంకా మరకలుంటాయి, ఆ రోజే గర్భం వచ్చే రోజుల్లో మొదటిది. పైగా ఆ సమయంలో ఇద్దరిలో ఎవరికైనా సుఖవ్యాధి ఉంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడం తేలిక. అంటు, మైల అన్న మాటలు నేను చెప్పను. ఇద్దరికీ ఇష్టమైతే కలవొచ్చు, కండోమ్‌తో.

బయట వదిలేస్తే చాలదా?

చాలదు. వందమంది జంటలు ఏడాదంతా దీన్నే నమ్ముకుంటే అందులో దాదాపు 20 జంటలకి గర్భం వస్తుంది. ముందుగా వచ్చే జిగురులోనూ కొందరికి వీర్యకణాలు ఉంటాయి. దానికన్నా పెద్ద కారణం, సరిగ్గా ఆ క్షణంలో ఆగడం చెప్పినంత తేలిక కాదు. "మా ఆయనకి కంట్రోల్ ఉందక్కా" అని చెప్పిన అమ్మాయే మూడు నెలల తర్వాత స్కాన్ క్యూలో కనబడి నవ్వింది. ఏమీ వాడకపోవడం కన్నా మేలే. అంతకుమించి లేదు.

లోపలికి వెళ్లలేదు, పైపైనే. బట్టలు ఉన్నాయి. టవల్ వాడాను. ఈత కొలనులో దిగాను. వస్తుందా?

బట్టల మీద నుంచి, టవల్ నుంచి, టాయిలెట్ సీటు నుంచి, కొలను నీళ్ల నుంచి రాదు. ముద్దుతో రాదు, నోటితో చేసినా రాదు. వీర్యం యోని ద్వారానికి తగిలితేనో, తడి చేతితో వెంటనే లోపలికి చేరితేనో కొద్దిపాటి అవకాశం ఉంది. రాత్రి ఒంటిగంటకి వాట్సాప్‌లో వచ్చేవి ఎక్కువగా ఈ ప్రశ్నలే. నిద్రపోండి, పొద్దున మాట్లాడదాం అంటాను.

మొదటిసారే కదా?

మొదటిసారైనా వస్తుంది.

కండోమ్ సరిగ్గా వాడడం అంటే ఏమిటి? అందులో తెలియనిదేముంది?

చాలా ఉంది. ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో వందమందిలో ఇద్దరికి మాత్రమే గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో 13 మందికి. ఆ తేడా అంతా చేతుల్లోనే ఉంది.

ముందు పెట్టుకునే చోటు. చెన్నై ఎండలో బండి డిక్కీలోనో, వెనక జేబు పర్సులోనో నెలల తరబడి పడి ఉన్న ప్యాకెట్ పనికిరాదు. వేడికి, ఒత్తిడికి రబ్బరు పాడవుతుంది. వాడే ముందు తేదీ చూడండి, ప్యాకెట్‌ని వేళ్లతో నొక్కండి, లోపల గాలి బుడగలా తగలాలి. పళ్లతో చింపొద్దు. అంగం గట్టిపడ్డాక, లోపలికి పెట్టడానికి ముందే తొడగాలి, చివర్లో గుర్తొచ్చినప్పుడు కాదు. కొసని రెండు వేళ్లతో నొక్కి గాలి తీసేసి కిందిదాకా విప్పాలి. తిరగేసి మొదలెట్టారని తెలిస్తే దాన్నే మళ్లీ తిప్పి వాడకండి, కొత్తది తీయండి. అయిపోయాక అంగం మెత్తబడకముందే మొదట్లో పట్టుకుని బయటికి తీయాలి.

నూనె వాడొద్దు. ఇది కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన బాత్రూముల్లో కొబ్బరి నూనె సీసా ఎప్పుడూ చేతికి అందేంత దూరంలో ఉంటుంది. కొబ్బరి నూనె, వాజెలిన్, బాడీ లోషన్ ఏదైనా లేటెక్స్‌ని నిమిషాల్లో బలహీనం చేస్తుంది. మంట, పొడిబారడం ఉంటే మెడికల్ షాపులో నీళ్ల ఆధారంగా చేసిన జెల్ అడగండి. రెండు కండోమ్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే రెట్టింపు రక్షణ రాదు, రాపిడికి రెండూ చిరుగుతాయి.

కొనడానికి సిగ్గైతే సూపర్ మార్కెట్‌లో బిల్లు కౌంటర్ పక్కనే ఉంటాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో నిరోధ్ ఉచితం. 1968 నుంచి దేశమంతా అమ్ముతున్న సరుకు అది, ఇంకా నల్ల కవర్లో చుట్టి ఇచ్చే షాపులున్నాయంటే మనమెంత సిగ్గరులమో చూడండి.

కండోమ్ చిరిగింది. ఐ-పిల్ కోసం నాలుగు షాపులు తిరిగాను, ఎక్కడా లేదన్నారు. చెన్నైలో నిషేధమా?

చట్టంలో నిషేధం లేదు. ఐ-పిల్ అంటే లెవోనార్జెస్ట్రెల్, కలిశాక గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర. దానికి డాక్టర్ చీటీ అక్కర్లేదని కేంద్రం 2005లోనే చెప్పింది. అయినా తమిళనాడులో చాలా మెడికల్ షాపులు ఏళ్లుగా దాన్ని తెచ్చి పెట్టడం లేదు. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో బదిలీ మీద వచ్చిన పిల్లలకి ఇది తెలిసేది సరిగ్గా అవసరం పడ్డ రోజునే. ఒక అబ్బాయి పెరుంగుడిలో మొదలుపెట్టి, ఒక్కో షాపులో లేదనిపించుకుంటూ, చివరికి రాష్ట్రం దాటి తడ దాకా బండి మీద వెళ్లి తెచ్చాడు. తెచ్చాడు సరే, ఈలోగా ఒక రోజు గడిచిపోయింది.

ఆ ఒక రోజు ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మాత్ర చేసే పని తెలియాలి. అది అండం విడుదలని వాయిదా వేస్తుంది. అంతే. అండం అప్పటికే బయటికొచ్చేసి ఉంటే అది చేయగలిగింది పెద్దగా లేదు. అందుకే 72 గంటల గడువు అన్నా, మూడో రోజు దాకా ఆగొచ్చని కాదు, ఎంత తొందరగా వేసుకుంటే అంత పని. 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. బరువు 70 కిలోలు దాటినవాళ్లలో ప్రభావం తగ్గొచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కొన్ని మందులు కూడా దీని బలం తగ్గిస్తాయి, అవి వాడుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

షాపులో దొరకకపోతే స్త్రీవైద్య నిపుణుల దగ్గరికి నేరుగా వెళ్లండి. కలిసిన ఐదు రోజుల్లోపు గర్భసంచిలో పెట్టే కాపర్-టి వేయించుకుంటే అది ఏ మాత్ర కన్నా బాగా పనిచేస్తుంది, తర్వాత కూడా ఏళ్ల తరబడి కాపాడుతుంది. ఎగ్మూరు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి, ట్రిప్లికేన్‌లో పాతవాళ్లు గోషా ఆస్పత్రి అని పిలిచే కస్తూర్బా గాంధీ ఆస్పత్రి, రెండూ ఆడవాళ్ల కోసమే ఉన్నవి. ఇక ఇది ముందుచూపు మాట: కండోమ్ మీదే ఆధారపడే జంట అయితే, ఊరికెళ్లినప్పుడు ఒక మాత్ర తెచ్చి బీరువాలో పెట్టుకోండి. తేదీ చూసి.

ఐ-పిల్ వేసుకుంటే కడుపు పోతుందా? నెలకి ఎన్నిసార్లు వేసుకోవచ్చు?

ఉన్న గర్భాన్ని అది తీయదు, దానికి హానీ చేయదు. ఎన్నిసార్లు అంటే, ప్రాణానికి ప్రమాదమేమీ లేదు గానీ నెలకి మూడుసార్లు దాని మీద పడుతున్నారంటే మీకు కావాల్సింది వేరే పద్ధతి. నెలసరి లెక్క చెదిరిపోతుంది, రక్షణా అరకొరే. ఇంకొకటి, అది మిగిలిన నెలంతా కాపాడదు. వాయిదా పడ్డ అండం నాలుగు రోజులాగి విడుదలవుతుంది, ఆ వారంలో మళ్లీ కలిస్తే అదే నెలలో గర్భం రావచ్చు.

మాత్ర వేసుకున్నాక నెలసరి వారం ముందో వెనకో రావచ్చు. మధ్యలో రెండు రోజులు మరకలు కనబడి "హమ్మయ్య వచ్చేసింది" అనుకునేవాళ్లున్నారు. అది నెలసరి కాకపోవచ్చు. రావాల్సిన తేదీ దాటి వారం అయితే టెస్ట్ చేసుకోండి.

టెస్ట్ ఎప్పుడు చేస్తే నమ్మొచ్చు?

నెలసరి తప్పిన మొదటి రోజు నుంచి. తేదీలు గుర్తులేకపోతే చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులకి. కలిసిన మర్నాడో, వారానికో చేసి లేదనుకోవడం డబ్బు దండగ, ఎందుకంటే ఆ కిట్ పట్టేది గర్భం కుదురుకున్నాక తయారయ్యే హెచ్‌సీజీ హార్మోన్‌ని.

పొద్దున లేవగానే వచ్చే మూత్రం మంచిది. ప్యాకెట్ మీద రాసినన్ని చుక్కలు, రాసినన్ని నిమిషాలు. కిట్ మీద సీ అక్షరం దగ్గర గీత రాకపోతే కిట్ పనికిరాదు. టీ దగ్గర పల్చగా వచ్చినా గీత గీతే. అరగంట తర్వాత చెత్తబుట్టలోంచి తీసి చూసి, ఏదో నీడలా కనబడుతోందని ఏడవకండి, గడువు దాటాక కనబడేదానికి లెక్కలేదు. లేదని వచ్చి, నెలసరి కూడా రాకపోతే వారం ఆగి మళ్లీ చేయండి.

ఒక వైపు పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం దగ్గర నొప్పి ఉంటే, టెస్ట్ ఏం చెప్పినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. గర్భం గర్భసంచిలో కాకుండా అండం వచ్చే ట్యూబులో ఉండొచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది.

తిరుమల వెళ్తున్నామని నెలసరి వాయిదా మాత్రలు వేసుకుంటున్నాను. అవి ఉన్నాయి కదా, గర్భం రాదుగా?

వస్తుంది. దర్శనానికి, పెళ్లికి, గృహప్రవేశానికి వాడే ఆ మాత్ర నోరెథిస్టెరాన్. మామూలుగా నెలసరి తేదీకి మూడు రోజుల ముందు మొదలెట్టి, ఆపిన రెండు మూడు రోజులకి బ్లీడింగ్ వచ్చేలా ఇస్తారు. అలా వాడినప్పుడు అది గర్భనిరోధకం కాదు. మీరు మొదలెట్టేసరికే ఆ నెల అండం విడుదలై పది రోజులు దాటి ఉంటుంది. ఆపాక కూడా నెలసరి రాకపోతే "మాత్ర ప్రభావం" అని నెల రోజులు ఊరుకోవద్దు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు పక్కింటావిడ ఇచ్చిన స్ట్రిప్‌ని అసలు ముట్టుకోకూడదు.

పెళ్లై నాలుగు వారాలే. డాక్టర్ ఆరు వారాల గర్భం అంటున్నారు. ఇదెలా?

ఈ ప్రశ్న అడగడానికి ఎక్కువగా భర్తలు ఒంటరిగా వస్తారు. ఒక్కోసారి అతని తల్లి వస్తుంది, అది ఇంకా కష్టం.

గర్భాన్ని డాక్టర్లు లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి. కలిసిన రోజు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు కాబట్టి ఆ అలవాటు స్థిరపడింది. అంటే లెక్కలో మొదటి రెండు వారాలు కడుపులో బిడ్డే లేదు. ఆరు వారాలు అంటే గర్భం కుదిరి దాదాపు నాలుగు వారాలైనట్టు. పెళ్లికి ముహూర్తం పెట్టేటప్పుడు అమ్మాయి తేదీ అడిగి, నెలసరి అయిపోయిన తర్వాతి వారంలో పడేలా చూస్తారు కదా? సరిగ్గా గర్భం వచ్చే రోజులకి తీసుకెళ్లి కార్యం జరిపించి, ఆరు వారాలేమిటని అమ్మాయినే నిలదీస్తారు.

నేను కాగితం మీద గీత గీసి చూపిస్తాను: ఇదిగో నెలసరి, ఇదిగో పెళ్లి, ఇదిగో ఈ రోజు. గీత మీద వేలు పెట్టి తనే లెక్కపెట్టుకున్నాక ఒకతను ఏమీ మాట్లాడకుండా బయటికెళ్లి, భార్యకి కొబ్బరిబోండాం కొని తెచ్చాడు. అడగాల్సింది క్షమాపణ, తెచ్చింది బోండాం. ఆమె తాగింది.

బొప్పాయి, నువ్వులు-బెల్లం తింటే నెలసరి వచ్చేస్తుందా?

వచ్చేదైతే తినకపోయినా వస్తుంది. చిమ్మిలి తినండి, రుచిగా ఉంటుంది. గర్భాన్ని అది తీయలేదు. దాన్ని నమ్ముకుని మూడు వారాలు పోగొట్టుకోవడమే అసలు నష్టం.

పెళ్లి కాలేదు. గర్భం వచ్చింది, వద్దు. ఆస్పత్రిలో ఇంట్లోవాళ్లని తీసుకురమ్మంటారా?

మీకు 18 నిండితే చట్టం అడిగేది మీ ఒక్కరి సంతకం. భర్తది కాదు, తండ్రిది కాదు, స్నేహితుడిది కాదు. గర్భస్రావానికి సంబంధించిన ఎంటీపీ చట్టం 1971 నాటిది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని పరిస్థితుల్లో ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. పెళ్లి కానివాళ్లకీ ఆ 24 వారాల హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తీర్పిచ్చింది. మీ వివరాలు బయటపెట్టడం నేరం.

చట్టం ఇలా ఉన్నా కౌంటర్ దగ్గర "హస్బెండ్ రాలేదా?" అని పదిమందిలో అడిగేవాళ్లుంటారు. మా వృత్తిలోవాళ్లే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "నాకు 18 దాటింది, నా సమ్మతి చాలు, డాక్టర్‌తో మాట్లాడాలి" అని నెమ్మదిగా చెప్పండి. వినకపోతే ఇంకో ఆస్పత్రి. వారాలు గడిచే కొద్దీ పని కష్టమవుతుంది, కాబట్టి అవమానం మింగుతూ ఇంట్లో కూర్చోవద్దు. 18 నిండని పిల్లలైతే సంరక్షకుల సమ్మతి కావాలి, డాక్టర్ పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకి తెలపాలి. అప్పుడు కూడా అమ్మాయి కోరితే పేరు బయటపెట్టనవసరం లేదని అదే తీర్పులో ఉంది.

మెడికల్ షాపులో గర్భస్రావం మాత్రల కిట్ తెచ్చుకుని గదిలోనే వేసుకోవచ్చా?

వద్దు. మందులు మంచివే. మిఫెప్రిస్టోన్, మిసోప్రొస్టాల్, 9 వారాల దాకా డాక్టర్లు ఇచ్చేవీ అవే. కానీ గర్భం ఎక్కడుందో, ఎన్ని వారాలో చూసి ఇస్తారు. ట్యూబులో ఉన్న గర్భానికి అవి పనిచేయవు. వేసుకున్నాక గంటకి రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రావాలి.

పెళ్లైంది, రెండేళ్లు పిల్లలొద్దనుకుంటున్నాం. మొదటి కాన్పుకి ముందు మాత్రలు వాడితే తర్వాత పుట్టరట?

ఆ మాట అన్న ప్రతి అత్తగారి మీదా నాకు కోపం లేదు, ఎవరో ఆవిడకీ అలాగే చెప్పి ఉంటారు. కానీ నిజం కాదు. రోజూ వేసుకునే మాత్ర ఆపితే వారాల్లోనే అండం విడుదల మొదలవుతుంది. ప్రభుత్వ ఆస్పత్రిలో మాలా-ఎన్ ఉచితం. ప్యాకెట్‌లో 28 ఉంటాయి, అందులో ఏడు ఐరన్ మాత్రలే. పొగతాగే 35 దాటినవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు అడక్కుండా మొదలెట్టకూడదు. హార్మోన్లు వద్దనుకుంటే ఛాయా అనే మాత్ర ఉంది, లక్నోలోని మన పరిశోధన సంస్థ కనిపెట్టినది. మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి.

కాపర్-టి కాన్పు కానివాళ్లకీ వేస్తారు, తీయగానే గర్భం రావచ్చు. అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి, కాకపోతే ఆపాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యమవుతుంది, ఏడాదిలో పిల్లలు కావాలనుకుంటే వద్దు. పిల్లలు చాలు అనుకున్న ఇంట్లో మాత్రం ఆపరేషన్ ఎప్పుడూ ఆడవాళ్లకే ఎందుకో నాకు అర్థం కాదు. మగవాళ్లకి చేసే ఆపరేషన్ చిన్నది, అదే రోజు ఇంటికెళ్లొచ్చు. మూడు నెలలు జాగ్రత్తపడి, వీర్య పరీక్ష చేయించుకుంటే చాలు.

బాలింతని, ఇంకా నెలసరి రాలేదు. భయం లేదా?

బిడ్డకి ఆరు నెలలు నిండకుండా, నెలసరి రాకుండా, రాత్రీ పగలూ తల్లిపాలు మాత్రమే ఇస్తుంటే రక్షణ ఉంది. మూడూ ఉండాలి. డబ్బాపాలు మొదలెట్టిన రోజు నుంచి లెక్క మారిపోతుంది. నెలసరి కన్నా ముందు వచ్చేది అండం, అందుకే నెలసరి కనబడకుండానే మళ్లీ గర్భం దాల్చినవాళ్లున్నారు.

పీసీఓడీ ఉంది. నాకెలాగూ రాదు కదా?

ఆలస్యంగా, అస్తవ్యస్తంగా వస్తుందే గానీ అండం అసలు రాదని కాదు. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి మీకు సేఫ్ డేస్ అసలు లేవు.

గర్భం సంగతి సరే, జబ్బుల సంగతి? మాత్ర వేసుకుంటున్నాం కదా.

మాత్ర, కాపర్-టి, ఇంజెక్షన్ ఏదీ సుఖవ్యాధుల్ని ఆపదు. కండోమ్ ఒక్కటే ఆపుతుంది, హెర్పిస్, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్) లాంటి చర్మం మీద అంటేవాటిని అదీ పూర్తిగా ఆపలేదు. చాలా సుఖవ్యాధులకి ఆడవాళ్లలో లక్షణాలే కనబడవు. వాసన, పసుపు పచ్చని స్రావం, మూత్రంలో మంట, పుండు ఉంటే డాక్టర్‌కి చూపించండి, సుఖవ్యాధి అని తేలితే ఇద్దరూ మందు వాడాలి. ఒక్కరే వాడితే జబ్బు మంచానికి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

హెచ్ఐవీని మన దేశంలో మొదట పట్టుకుంది ఈ ఊళ్లోనే. 1986లో మద్రాస్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలొమన్, ఆవిడ విద్యార్థిని నిర్మల. ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా పరీక్ష చేసే కేంద్రాన్ని ఇక్కడ నంబిక్కై మైయం అంటారు, మన నమ్మకమే వాళ్ల నంబిక్కై. మీరు ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. సందేహానికి 1097కి ఫోన్ చేయొచ్చు, ఉచితం. నిన్న రాత్రి జరిగినదాని గురించి భయమైతే ఫలితం కోసం ఎదురుచూడకండి, 72 గంటల్లోపు వెళ్తే నివారణ మందు 28 రోజులకి ఇస్తారు. మామూలు పరీక్షకైతే మూడు నెలల తర్వాత వచ్చే ఫలితాన్ని నిశ్చింతగా నమ్మొచ్చు.

హెచ్‌పీవీ టీకా పెళ్లయ్యాక దండగా?

ముందు వేయిస్తే ఎక్కువ ఫలితం, 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఒకటో రెండో డోసులు. పెద్దవాళ్లకీ కొంత ఉపయోగం ఉంది, మూడు డోసులు. టీకా వేయించుకున్నా 30 దాటాక గర్భాశయ ముఖద్వారం పరీక్ష మానకూడదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే నాకు తమిళం రాదు. ఏం చెప్పాలి?

నేను చేరిన కొత్తలో ఒక తమిళ పెద్దావిడ మనవరాలిని చూపించి "ముళుగామ ఇరుక్కా" అంది. నాకు వచ్చిన కాస్త తమిళంలో, స్నానం చేయకుండా ఉందంటోంది అనుకుని బాత్రూమ్ దారి చూపించాను. ఆవిడ అన్నది కడుపుతో ఉందని. నెలసరి తలస్నానం లేదు కాబట్టి గర్భం అన్నమాట. మన దగ్గర చూస్తే "నీళ్లోసుకుంది" అంటే కడుపుతో ఉందని. ఒక భాషలో నీళ్లు పోసుకుంటే గర్భం, ఇంకో భాషలో పోసుకోకపోతే గర్భం. "నాళ్ తళ్లిపోచ్చు" అంటే మాత్రం నెల తప్పిందని, అది గుర్తుపెట్టుకుంటే చాలు.

అందుకే మాటల మీద ఆధారపడకండి. ఒక చీటీ మీద అంకెలు రాసుకెళ్లండి: చివరి నెలసరి మొదటి రోజు తేదీ, దానికి ముందు నెల తేదీ, జాగ్రత్త లేకుండా కలిసిన తేదీ. వాడుతున్న మందుల స్ట్రిప్ సంచిలో వేసుకోండి. ఆ చీటీ బల్ల మీద పెడితే ఏ భాష డాక్టరైనా ముందు మొదటి తేదీనే చూస్తారు.